రాణికి ఆఖరి ఈత

2023 వానాకాలం. దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలో బర్రెలకు సూదులు వేయడం నా పని. సూది అని రైతులంటారు గానీ అది కృత్రిమ గర్భధారణ. నైట్రోజన్ క్యాన్‌లో గడ్డకట్టించి ఉంచిన స్ట్రా, అంటే దున్నపోతు వీర్యం నింపిన సన్నటి గొట్టం, తీసి ఎదకొచ్చిన బర్రెకు ఎక్కించాలి. స్ట్రా మీద దున్నపోతు నంబరు ఉంటుంది. దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో చూసి నేనే ఎంచుతాను. పదిహేనేళ్లుగా ఇదే పని కాబట్టి ఎంచడంలో నాకు తిరుగులేదని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజు యాకమ్మక్క ఫోన్ చేస్తే వాళ్లింటికి వెళ్లాను. సూది వేసి చేతులు కడుక్కుంటుంటే ఆమె భర్త సోమన్న ఫోన్ పట్టుకుని వచ్చాడు.

“సారూ, జర గిది చూడు. దీనికి ఏ గుర్రాన్ని దాటియ్యాలె?”

చూస్తే గుర్రాలను జతకట్టించి పిల్లల్ని పెంచే ఆట. వాళ్ల బిడ్డ ఫోన్‌లో ఎక్కించి ఇచ్చిందట.

“బర్రె కాడికి పిలిస్తే సారును గుర్రాల కాడికి గుంజుకపోతున్నవా?” అని యాకమ్మక్క నవ్వింది.

సోమన్న నవ్వలేదు. ఒకప్పుడు జనగామలో పెళ్లి బరాత్‌లకు తెల్ల గుర్రాన్ని నడిపేవాడు. మోకాళ్లు పట్టేశాక దాన్ని అమ్మేసి ఊరికొచ్చాడు. దాని పేరు రాణి. ఫోన్‌లోని తెల్ల గుర్రానికీ అదే పేరు పెట్టుకున్నాడు. ఆ ఆటలో గుర్రాలకు వయసు మీద పడుతుందట. రాణికి ఇంకొక్క ఈతే, అంటే ఒక్క కాన్పే మిగిలింది. తర్వాత అది ఆటలోంచి వెళ్లిపోతుంది. ఒకసారి నొక్కితే వెనక్కి తీసుకునేది లేదు.

ఫోన్ తీసుకున్నాను గానీ తలా తోకా అర్థం కాలేదు. నిజం గుర్రాన్నే నేనెప్పుడూ ముట్టుకోలేదు. ప్రాణమున్న పశువైతే తోక ఎత్తి చూస్తాను, ఇక్కడ ఏం ఎత్తాలి? గీతలు, అంకెలు, రంగురంగుల పట్టీలు చూసి కళ్లు తిరిగాయి. చివరికి రెండు మగ గుర్రాల దగ్గర ఆగాం. ఎర్రదానికి వేగంలోనూ బలంలోనూ మార్కులు నిండుగా ఉన్నాయి. తెల్లదానికి సగం కూడా లేవు. పుట్టబోయే పిల్ల రంగేమిటో కింద ఇంకో వరుసలో ఉంది. నేనది చదవనే లేదు. బర్రెలన్నీ నల్లవే కదా, రంగు చూసే అలవాటు మా పనిలో లేదు.

“ఎర్రదాన్ని పెట్టన్నా. పందేలన్నీ దానివే.”

“తెల్లది వద్దంటవా?”

“గా మార్కులతోని ఏం జేస్తవన్నా?”

సోమన్న తెల్లదాని మీంచి వేలు జరిపి ఎర్రదాని మీద నొక్కాడు.

ఇరవై ఒక్క రోజులకు బర్రె రిపీట్ అయింది, అంటే సూది నిలవక మళ్లీ ఎదకొచ్చింది. వెళ్లేసరికి సోమన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే ఫోన్ చేతికిచ్చాడు. ఎర్రటి పిల్ల దిట్టంగా నిలబడి ఉంది. రాణి ఉండే చోటు ఖాళీ.

“పందేలు గెలుస్తుందా అన్నా?”

“గెలుస్తది సారూ. కానీ ఒక్క ఎంటిక తెల్లగ లేదు. గది మా రాణి పిల్ల అంటే నమ్మబుద్ధి అయితలేదు. తెల్లదాన్ని పెడితే తెల్లదే పుట్టునట.”

“మరి తెల్లదే కావాలని గా రోజే చెప్పొద్దా అన్నా?”

“మార్కులున్నదే మంచిదంటివి. నాకే ఎరుక లేదేమో అనుకున్న.”

ఫోన్‌లో గుర్రం కోసం మనిషిని క్షమాపణ అడగాలా? నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు సిగ్గేసింది. నష్టపోయింది లేని గుర్రమా, ఎదురుగా ఉన్న సోమన్నా? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రాణి పేరు నాకు తెలుసు, దాన్ని అమ్మిన సంగతీ తెలుసు. అయినా ఆయనకు ఏది కావాలో వదిలేసి, నాకు ఏది మేలనిపిస్తే అదే ఎంచాను.

అదే పరేషాన్‌లో కొట్టంలోకి వెళ్లాను. క్యాన్ మూత తీసి, ఎప్పుడూ తీసే స్ట్రా వైపు పోతున్న చేతిని ఆపుకున్నాను.

“అక్కా, నీకు ఎట్లాంటి దూడ కావాలె?”

యాకమ్మక్క బర్రె పలుపు పట్టుకుని నా మొహంలోకి వింతగా చూసింది.

“పదిహేనేండ్ల సంది సూదులేస్తున్నవు సారూ. గిప్పుడు అడుగుతున్నవా?”