అవ్వ చెప్పిన పుట్టుమచ్చలు

మా చిన్నప్పుడు మా ఊరికీ ఇలాంటి సంఘం ఒకటి వచ్చింది... మొన్న మన బడి గ్రూపులో ఎవరో ఫోటోలు పెట్టారు కదా, వనపర్తి పల్లెల్లో ఒక సంఘం వాళ్లు తెలివైన పిల్లలను వెతికి ఏడాదంతా ఉచితంగా చదివించారని. అందరూ దండాలు పెట్టే బొమ్మలు పంపారు. నాకు మాత్రం చెయ్యి రాలేదు. పెన్ను పట్టి ఎన్నో ఏళ్లయింది. అయినా ఈ ఒక్క సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

నాకప్పుడు పదేళ్లు. అయిజ దగ్గర మా పల్లె. కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజులు. గద్వాల నుంచి సంఘం సార్లు బస్సు దిగి మా బడికి వచ్చారు. అగ్గిపుల్లలతో లెక్కలు పెట్టారు. సగం కథ చెప్పి మిగతాది మమ్మల్ని చెప్పమన్నారు. చివరికి ఇద్దరిని ఏరారు... నన్నూ, మా పక్కింటి మహబూబీనీ.

ప్రతి ఆదివారం గద్వాలలో చదువు, మధ్యాహ్నం భోజనం. ఏడాది చివర హాస్టల్ బడి ప్రవేశ పరీక్ష. సీటు వస్తే పది దాకా అక్కడే.

"ఊరికెనే ఎవడన్న బువ్వ పెడ్తడా?" అంది మా అవ్వ, నాన్న తల్లి. అమ్మానాన్నలు పొద్దున్నే కూలికి వెళితే నన్ను పెంచింది ఆమే.

సత్యం సారు వివరాలు రాసుకోవడానికి ఇంటికి వచ్చాడు. అప్పుడు ఆ పరీక్ష దరఖాస్తుకు ఫోటో ఉండేది కాదు. మనిషిని గుర్తుపట్టేది పుట్టుమచ్చలతోనే.

"పిల్ల ఒంటి మీద మచ్చలు నీకెందుకు సారూ? సంబంధం జూస్తున్నవా?"

సారు నవ్వాడు. "పరీక్ష కాడ చూస్తరవ్వా, ఒకరి బదులు ఇంకొకరు రాయకుండ. ఇంట్ల ఈమెనే పెద్దబిడ్డనా?"

అవ్వ మొహం మారిపోయింది. డ్యాం నిలబడాలంటే తొలిచూలు పిల్లను బలివ్వాలని, ముందే గుర్తులు రాసుకుపోయి తర్వాత ఎత్తుకుపోతారని ఊరంతా పుకారు...

"కాదు, రెండోది. పెద్దది సచ్చిపోయింది."

నేను తెల్లబోయాను. మా అమ్మకు నాకంటే ముందు ఎవరూ పుట్టలేదు. మచ్చలు కూడా అవ్వే చెప్పింది. కుడి మోచేతి మీద ఒకటి, మెడ వెనక ఒకటి... రెండూ నాకు లేవు. సారు నా మోచెయ్యి చూడబోతే "ఆడపిల్ల చెయ్యి పడ్తవా?" అని గద్దించింది. ఆయన తలవంచుకుని చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు.

ఆయన వెళ్లాక నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. "జమ్ములమ్మ మీద ఒట్టు. ఎవ్వరికి చెప్పకు బిడ్డా, మీ అమ్మకు గూడ." ఒట్టు వేశాను.

ఇక ప్రతి ఆదివారం మాతోపాటు అవ్వ కూడా బస్సెక్కేది. తరగతి గడప మీద కూర్చుని సార్లను ఒక్కొక్కరినే చూసేది. పప్పన్నం ముందు తాను రెండు ముద్దలు తిని, కాసేపు ఆగి, తనకేమీ కాలేదని తేలాకే మా ముందుకు జరిపేది.

"జర చూడవే, మీ అవ్వ బతికే ఉందా? నాకు ఆకలైతుంది," అని మహబూబీ గొణిగేది.

ఎండాకాలానికి అవ్వ మెత్తబడింది. సత్యం సారు కోసం సజ్జరొట్టెలు మూటగట్టి తెచ్చేది. "తిను కొడకా, బక్కగైనవ్" అనేది. డ్యాం మాట మళ్లీ ఎత్తలేదు.

దరఖాస్తులు పంపే ముందు సారు మరోసారి అడిగాడు.

"అవ్వా, మచ్చలు సరిగనే చెప్పినవ్ గదా? తప్పైతే లోపలికి రానియ్యరు."

"సరిగనే చెప్పిన కొడకా."

నేను అవ్వ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు...

పరీక్ష నాడు గేటు దగ్గర ఒక మేడమ్ నా మోచెయ్యి చూసింది, మెడ చూసింది. "ఏవమ్మా మచ్చలు?" అంది.

"ఈ పిల్లనే మేడమ్, ఏడాది సంది నేనే చదువు చెప్తున్న," అని సారు బతిమాలాడు. మేడమ్ వినలేదు. సారు నా వైపు తిరిగి "ఏంది బిడ్డా ఇది?" అన్నాడు. నోరు తెరిస్తే ఒట్టు తప్పుతుంది. నేల చూశాను.

"పుట్టినప్పుడు ఉండె... పోయినయేమో," అంది అవ్వ.

గంట కొట్టారు. మహబూబీ వెనక్కి చూసుకుంటూ ఒక్కతే లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. అవ్వ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని ఏదో కూనిరాగం తీసింది. మహబూబీ చదివి నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు అయింది. నేను మా ఊరి దగ్గరే పదో తరగతితో ఆగాను. భగవంతుడు ఇచ్చింది చాలనుకున్నాను. కానీ పూజలో కూర్చుని కళ్లు మూసుకుంటే ఆ కూనిరాగం వినిపిస్తుంది. మొదట అవ్వ భయపడింది డ్యాముకే, నాకు తెలుసు. రెండోసారి దేనికి భయపడింది? నేను హాస్టలుకు వెళ్లిపోతాననా? అడుగుదామంటే ఆమె లేదు...

ఇప్పుడు అన్నిటికీ ఫోటో, వేలిముద్ర. పిల్లను వదల్లేని అవ్వ అబద్ధమాడదామన్నా చోటు లేదు. మీ ఇంట్లోనూ ఇలా అడగలేకపోయిన మాట ఏదైనా ఉంటే రాయండి...

ఇది మాత్రం మీ దగ్గరే దాచుకోండి, గ్రూపు దాటించకండి. ముఖ్యంగా మా అమ్మకు చూపించకండి. గేటు దగ్గర నన్ను ఆపిన మేడమ్‌ను ఆమె ఇప్పటికీ తిడుతూనే ఉంది.