స్వెటరక్క మీద నేను పంపిన కబురు

మాదాపూర్‌లో బండరాళ్లు ఎక్కువ, ఆఫీసులు తక్కువగా ఉన్న రోజులవి. అమెరికా డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు కొట్టే ఆఫీసులో నేను తప్పులు దిద్దేవాణ్ణి. (ఇరవై మూడేళ్ల వాడికి ఇవ్వకూడని ఉద్యోగం.) నాలుగు వైద్యపు మాటలు పట్టుబడేసరికి సగం డాక్టరునైపోయాను. మియాపూర్ బస్సులో పక్కాయన అడక్కపోయినా, "సైటోకైన్లంటే రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లండీ! అవి దారి తప్పితే మన కణాలే మన థైరాయిడ్ మీద పడతాయి" అని చెప్పేవాణ్ణి. ఆయన లేచి వెళ్లి నిలబడేవాడు.

ఆఫీసులో నా పక్క సీటు కడప నుంచి వచ్చిన ఒకావిడది. మే నెలలో కూడా స్వెటరు వేసుకునేది కాబట్టి స్వెటరక్క అని పేరు పెట్టాను. ఒళ్లు చేసింది, గొంతు బొంగురుపోయింది, మధ్యాహ్నమైతే కునుకు. "చలిగా ఉండాది, ఏసీ తగ్గించప్పా" అంటే ఇంకాస్త పెంచి అందరినీ నవ్వించేవాణ్ణి. అంతటితో ఊరుకున్నానా? ఆవిడ పనిలో నిద్రపోతోందని మేనేజరుకు మెయిలు కొట్టాను. ఆయన ఆవిణ్ణి పిలిచి, "ఈ వారం చూస్తం. గిట్లనే ఉంటే ఇగ రావద్దమ్మా" అన్నాడు.

మర్నాడు ఆవిడ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తను టైపు చేసిన రిపోర్టే, నేను దిద్ది నూటికి నూరు వేసిందే. అలసట, చలి, పెరిగిన బరువు, బొంగురు గొంతు, సొంత థైరాయిడ్‌ మీదికి కణాల్ని ఉసిగొల్పే సైటోకైన్లు. అన్నిటి కిందా పెన్సిలు గీతలు.

"ఇది కొడతాంటే ఆ డాక్టరు నా గురించే చెప్తాండాడు అనిపించింది. నువ్వూ చదివితివి కదప్పా? పక్కనే ఉంటిని, ఒక్కసారన్నా అనిపించలేదా?"

"కామాలు చూశానండీ" అన్నాను. నిజంగా అదే చూశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రక్తపరీక్షలో అదే జబ్బని తేలింది. నేనే వెళ్లి మేనేజరుకు తప్పు ఒప్పుకున్నాను. "ముందే జర అడగరాదె? ఉత్తగనే ఆమెను పరేషాన్ జేస్తిమి" అని తల పట్టుకున్నాడు. రోజుకో మాత్రతో ఆవిడ కోలుకుంది, ఉద్యోగమూ నిలిచింది. స్వెటరు విప్పిన రోజు నాకు మిఠాయి కూడా పెట్టింది.

ఇప్పటికీ ఎవరైనా చలి అంటే ఏసీ కట్టేయడానికి అందరికంటే ముందు నేనే లేస్తాను. బస్సులో అంత గొప్పగా చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. సొంత మనిషి మీదికి తప్పుడు కబురు పంపింది తనేనని వాడికి తెలియలేదు.