కరుణమ్మ చెవి

పదకొండేళ్లు నా పక్కన నిలబడి పాడినా కరుణమ్మకు ఆ నాలుగు గొంతుల పాట అసలు రాగం తెలియదు. రాగం కింద నడిచే ఆడవాళ్ల రెండో గొంతు, ఆల్టో, ఒక్కటే ఆమెకు వచ్చు.

సాల్మియాలో ఓ కువైటీ ఇంట్లో వంటపని ఆమెది. శుక్రవారం సగం పూట సెలవు. వాచిన కాళ్లతో చర్చికి వచ్చి, అసలు రాగం పాడే నా సోప్రానో వినబడితే తన స్వరం జారిపోతుందని అరచేత్తో చెవి మూసుకుని పాడేది.

మాకు పాటలు నేర్పింది సుందరరాజు మాస్టారు. సబ్హాన్‌లో గోడౌన్ గుమాస్తా. ఆ పాట నాలుగున్నర వందల ఏళ్ల కిందటి ఇంగ్లండుది. తెలుగు మాటలు మాస్టారే కూర్చారు.

2003లో కొత్త పాస్టరుగారొచ్చారు. నాలుగు గొంతులు నాలుగు దారులు పోతే వాక్యం ఎవరికి తెలుస్తుందని, ఇకపై అందరూ ఒకే రాగం పాడాలన్నారు. ఆ పాట మూలపడింది. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఏ ఎండకా గొడుగు పట్టాను. కరుణమ్మ మాత్రం ఏ పాటెత్తినా ఆల్టోలోకే పోయేది. పాపం, కావాలని కాదు. ఆమెను కోయిర్‌లోంచి తీసి బెంచీలో కూర్చోబెట్టారు.

"ఆ పాట పుట్టిన రోజుల్లో ఇంగ్లండులోనూ ఇంతేనమ్మా," అన్నారు మాస్టారు. "కుర్రరాజు లాటిన్ వద్దు, మాట మాటా వినబడేలా ఇంగ్లీషులో పాడమన్నాడు. తరవాతొచ్చిన రాణి మళ్లీ లాటినే అంది. పాడేవాళ్లు ఆళ్లే."

"ఆళ్లనీ బెంచీలో కూర్చోబెట్టారాండి?" అంది కరుణమ్మ.



ఐదేళ్లకు మాస్టారి ఇఖామా ఖలాస్ అయింది, కువైట్‌లో ఉండే పర్మిట్ అయిపోయింది. వెళ్లేముందు ఆ పాట ఒక్కసారి పాడించుకుంటానని పాస్టరుగారిని బతిమాలారు. ఒక్కసారికే ఒప్పుకున్నారు. మగవాళ్ల పైగొంతు, టెనర్, పాడే నతానియేల్ ఎప్పుడో ఊరెళ్లిపోయాడు. మిగతా ఆల్టోలు తమ స్వరాలు మరిచిపోయారు. కరుణమ్మను అడిగితే మామాని, అదే ఆ ఇంటి యజమానురాలిని, ఇంకో గంట అడిగి వచ్చింది. ఆమెకు ఒక్క స్వరం కూడా పోలేదు.

ఆ శుక్రవారం కింది గొంతు మాస్టారే పట్టగా ముగ్గురమే పాడాం. కరుణమ్మ చెయ్యి చెవిదాకా వెళ్లి కిందికి దిగింది. స్వరం జారిపోతుందేమోనని ఆమెవైపు చూశాను. జారలేదు.

బస్సులో అడిగాను, చెవి మూసుకోలేదేమని.

"ఇదే ఆఖరుగదండి, షైనిగారూ," అంది కాళ్లు ఒత్తుకుంటూ. "ఇన్నేళ్లూ పక్కన మీరేం పాడతన్నారో ఒక్కసారైనా విందారనిపించిందండి."