అమ్మవారు మెచ్చిన ఫజ్ పెడల్

బోనాల ఆదివారం గిటార్ ముట్టకూడదని మా చిలకలగూడలో నియమమేమీ లేదు. కానీ ముట్టినందుకు ఇప్పటికీ అనుభవిస్తున్నాను.

మా హెవీ మెటల్ బ్యాండ్ కోసం షాపు నుంచి రెండు ఫజ్ పెడల్స్ తెచ్చాను. కాలితో తొక్కితే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డబ్బాలవి. నచ్చింది ఉంచుకుని, సాయంత్రంలోగా రెండోది తిరిగిచ్చేయాలి. నల్లది అద్భుతం. పచ్చది పాత మిక్సీలా అరుస్తోంది. చివరిసారిగా పచ్చదాన్ని తొక్కి తీగ మీటానో లేదో, హాల్లో బోనం సర్దుతున్న మా మేనత్త జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది.

హడలిపోయి ఆపేశాను.

"ఎందుకాపినవ్ బాలకా?" అని ఉరిమింది అత్త.

"అమ్మవారొచ్చింది, వాయించురా!" అంటూ అమ్మ వేపకొమ్మతో నా వీపు మీద ఒకటిచ్చింది. నల్లదానికి మారబోతే అత్త కళ్లెర్రజేసింది. ఈలోగా సగం గల్లీ మా హాల్లోకి దిగింది. ఆ మిక్సీ మోతనే వేళ్లు బొబ్బలెక్కేదాకా వాయించాను.

అత్త చల్లబడ్డాక నల్లది షాపుకు వెళ్లిపోయింది. పచ్చదానికి అమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టింది.

"ఇగ దాన్ని కాలు వెట్టి తొక్కినవంటే కాళ్లిరగ్గొడ్త!" అంది.

పెడల్ ఎంచుకునేటప్పుడు ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు స్టేజీ మీద ప్రతి పాటకూ వంగి, దాన్ని చేత్తోనే నొక్కుతున్నాను. పుర్రెల టీషర్టులేసుకొచ్చిన కుర్రాళ్లు నేను దండం పెడుతున్నాననుకుని తిరిగి దండం పెడుతున్నారు.