పోచయ్యకు చలెక్కువ

కల్వకుర్తి పక్క ఊళ్ళో పత్తి రైతు పోచయ్యకు చొక్కాల పిచ్చి. ఏది పడితే అది ఒంటికి పట్టదు. హైదరాబాదు స్టార్టప్ కంపెనీలు ఉచితంగా పంచే చొక్కాయే కావాలి. అదీ పొడుగు చేతులది, పెద్ద సైజుది. మనిషి చూస్తే దండెం కర్రంత ఉంటాడు.

నగరంలో అద్దాల మేడలు లేచినకొద్దీ ఆయన చేనిగట్టు మీద రద్దీ పెరిగింది. ఫోనులో ట్రాక్టర్ తెప్పిస్తామని ఒకరు, బర్రెలు అమ్మిపెడతామని ఇంకొకరు, వాన ఎప్పుడొస్తుందో చెబుతామని మరొకరు వచ్చారు. అందరూ రైతు బతుకు మార్చేస్తామన్నవాళ్ళే, మార్చకముందే మూతపడ్డవాళ్ళే. చొక్కాలు మాత్రం మిగిలాయి.

కోస్గి పిల్ల హరిత కూడా అలాగే వచ్చింది. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే ‘చేనుచూపు’ యాప్ కంపెనీలో ఆమెకు కొత్త కొలువు. మండుటెండలో ఊరంతా తిరిగినా ఒక్కరూ ఆమె మాట వినలేదు. పోచయ్య ఒక్కడే ఫోను చేతికిచ్చాడు.

“ఎక్కియ్యి గని బిడ్డా, అంగీ ఇస్తరా?”

“ఇస్తం తాతా.”

“పొడుగు చేతులదేనా?”

“గీ ఎండల పొడుగు చేతులెందుకు?”

“నాకు సలెక్కువ.”

నుదుటి మీద చెమట తుడుచుకుంటూనే అన్నాడామాట.

వానాకాలంలో పెట్టుబడి పెట్టే పెద్దలు చేను చూడటానికి వస్తారని తెలిసింది. రైతు బాగుందంటే కంపెనీకి డబ్బు, హరితకు కొలువు. బాగాలేదంటే రెండూ గోవిందా. హరిత పోచయ్యను బతిమాలింది.

“చెప్త గని, అంగీలు?”

కంపెనీ యజమాని నాగేందర్ ఫోనులో అరిచాడు. “ఆ ముసలాయన చొక్కాలు తింటాడా?” అరిచినా, ఒక మూట పంపించాడు.

ఆ రోజు పోచయ్య దంచేశాడు. “గీ ఫోను వచ్చినంక మా పత్తికి రోగం ముఖమే తెల్వదు సార్!” తన పత్తి ఆకును ఆ యాప్ బెండాకు అనుకున్న సంగతి మింగేశాడు. పెద్దలు చప్పట్లు కొడుతుంటే హరిత చెవిలో అడిగాడు. “మూట బండిలనే ఉన్నదా?”

డబ్బు వచ్చింది. రాగానే నాగేందర్‌కు పల్లెల్లో లాభం లేదని జ్ఞానోదయమైంది. నగరంలో పాలపాకెట్లు క్షణాల్లో ఇంటికి చేర్చే పనిలోకి దూకాడు. హరిత కొలువు ఒక్క మెసేజ్‌తో పోయింది. పెద్దలకు చూపడానికి పోచయ్య చేనులో పెట్టిన కెమెరా పీక్కొచ్చి, ఒంటిమీది కంపెనీ చొక్కాతో సహా అప్పజెప్పమన్నాడు నాగేందర్.

పత్తి ఏరుతున్న రోజుల్లో ఆమె మళ్ళీ వచ్చింది. వస్తూనే పోచయ్య మీద విరుచుకుపడింది.

“అంగీల కోసం అబద్ధం చెప్పినవ్ తాతా! ఆ పైసలు రాంగనే నన్ను తీసేసిండ్రు.”

పోచయ్య ముఖం చిన్నబోయింది. “నీ కొలువు ఉంటదంటివని చెప్పిన బిడ్డా.”

హరిత కెమెరా కోసం చేను వైపు తిరిగింది. సాళ్ళలో ఆడకూలీలు వంగి పత్తి ఏరుతున్నారు. ఎండు కాయల మొనలు గీరుకుపోకుండా చీరల మీద పొడుగు చేతుల చొక్కాలు వేసుకున్నారు. ఒక్కో వీపు మీద ఒక్కో చచ్చిపోయిన కంపెనీ. ‘రేపటి రైతు మాతోనే’ పత్తి మూట నెత్తికెత్తుకుంటోంది. ‘మార్పు మొదలైంది’ గట్టు మీద కూర్చుని సద్ది విప్పుతోంది.

“వీళ్ళకా? ముందే చెప్పొద్దా తాతా?”

“మొదటొచ్చినోళ్ళకు చెప్పిన. కూలోళ్ళు మా కస్టమర్లు కాదన్నరు. గప్పటి సంది నాకే సలి పెడ్తాంది.”

హరితకు నవ్వొచ్చింది. నాగేందర్ మీద కోపం మాత్రం అలాగే ఉంది.

“నిర్మలమ్మకే అందలే,” అని పోచయ్య చివరి సాలులో వంగి ఉన్నామెను చూపించాడు. మోచేతుల దాకా గీతలే. “ఇంకో కంపెనీల చేరితే జర యాది పెట్టుకో.”

హరిత డ్రెస్సు మీద తొడుక్కున్న పొడుగు చేతుల కంపెనీ చొక్కా విప్పి, వెళ్ళి నిర్మలమ్మ చేతిలో పెట్టింది. పోచయ్య కంగారుపడ్డాడు.

“అయ్యో, అది అప్పజెప్పాలె గద! మీ సారుకు ఏం చెప్తవ్?”

“సలి పెట్టిందని చెప్త తాతా.”