కాళ్లేం రంగు?

వాచీలు బాగుచేసే మావయ్యగారు ఎవరి మొహమూ చూడరు, ముందు కాళ్లు చూస్తారు. సాక్షాత్తూ దేవుడే కొట్టు మెట్లెక్కి "నా గడియారం ఆగిపోయిందయ్యా" అన్నా, పాదాలు పరీక్షించాకే గడియారం అందుకుంటారు. పిల్లనిమ్మని అడగడానికొచ్చిన కుర్రాణ్ణి గుమ్మంలో ఆపి, బూట్లూ మేజోళ్లూ విప్పించి, పావుగంట కాళ్లు పరిశీలించిన మామగారు భూమ్మీద ఇంకొకరుంటే చూపించండి, చెవి కోసిచ్చేస్తాను.

ఈ జబ్బు పిట్టల వల్ల పట్టుకుంది. చలి మొదలవగానే ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చి, ఊరి చివర సముద్రపు బురదలో వాలే పిట్టలు. అన్నీ ఒకే బూడిద రంగు, ఒకే బడి పిల్లల్లా. ఎండలు ముదిరి తిరుగు ప్రయాణం కట్టే ముందు మాత్రం షోగ్గా ఎర్రవీ నల్లవీ తొడుక్కుంటాయి.

"బట్టల్ని నమ్మకండి అల్లుడుగారూ, సీజనుకోసారి మార్చేస్తాయి. ముందు కాళ్లు. తర్వాత ముక్కు. తర్వాత నడక."

బస్సు డిపోలో పనిచేసే ఆ కొత్త అల్లుడికి వారానికున్నది ఒక్క ఆదివారం. అదీ మెడలో బైనాక్యులర్‌తో సముద్రపు గట్టు మీదే తెల్లారేది. పక్కన మడత కుర్చీలో, ఒళ్లో ఫ్లాస్కుతో అత్తయ్యగారు. ఆవిడకి చూపు పోయి రెండేళ్లయింది. పాపం, గాలికి తీసుకొస్తున్నారనుకున్నాడు అల్లుడు.

"కాళ్లేం రంగు?"

"బురదలో ఉన్నాయి మావయ్యగారూ, కనబడట్లేదు."

"మీ కళ్లు పళ్లెంలో అన్నం వెతుక్కోవడానికేనా?"

"పసుపు! ముక్కు పొట్టి. నాలుగడుగులు పరిగెత్తి ఆగుతోంది."

"గట్టిగా చెప్పండి, సముద్రం హోరు!"

గొంతు చించుకుని చెప్పాక, మావయ్యగారు అత్తయ్యగారి దగ్గరికి వంగి టీ కప్పు అందుకుని, ఒక్క గుటక వేసి, పిట్ట పేరు ప్రకటించేవారు. గుటక పడితే గానీ పేరు రాదు.

"మీ నాన్న బుర్ర టీ మీద నడుస్తుంది," అనేవాడు అల్లుడు పెళ్లాంతో.

ఏడో ఆదివారం అతనికి ఒళ్లు మండింది. ఖాళీ బురదకేసి చూస్తూ, లోకంలో లేని పిట్టనొకదాన్ని కల్పించాడు.

"నారింజ రంగు కాళ్లు, పొట్టివి. ముక్కు పొడుగు, చివర పైకి వంగింది. బస్సు తప్పిపోతున్నట్టు ఒకటే పరుగు! చెప్పండి చూద్దాం!"

మావయ్యగారు టీకి చెయ్యి చాచారు. కప్పు కింద పడింది. అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

"పరుగుల పిట్టా! వచ్చిందా! అయిదేళ్లయింది బాబూ దాన్ని చూసి! పీతని నీళ్లలో కడుక్కుని తింటోందా?"

అల్లుడు బైనాక్యులర్ దించేశాడు. మావయ్యగారు అతణ్ణి పక్కకి లాగారు.

"పిట్టలు ఆవిడవి అల్లుడుగారూ. నాకు కాకికీ కొంగకీ తేడా తెలీదు. చూపు పోయాక గట్టుకి రానని మొరాయించింది. పేరు కప్పుతో పాటు చెవిలో చెబుతా, పైకి మీరే అనండి, లేకపోతే చూపులేనిది పిట్టల పేర్లు చెబుతోందని నలుగురూ నవ్వుతారంది. నాకా, వాచీ ముల్లు దాటితే ఏదీ ఆనదు. అందుకని మీ కళ్లు అరువడిగాను. నిజం చెప్పండి, ఉందా?"

అల్లుడు వెళ్లి ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "లేదత్తయ్యగారూ. మావయ్యగారిని బోల్తా కొట్టిద్దామని కల్పించాను."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. అది ఊగిపోయేలా నవ్వారు.

"ఆ కాళ్లకి ఆ ముక్కు, ఆ ముక్కుకి ఆ పరుగు! ఉన్న పిట్టనే కల్పించావు కదయ్యా! ముప్ఫై ఏళ్లయినా ఈయనకి రాలేదీ విద్య. ఇకనుంచి నువ్వు చూడు, పేరు నేనే చెబుతా. నవ్వేవాళ్లని నవ్వనీ."

"మరి నా టీ?" అన్నారు మావయ్యగారు బెంగగా.

"టీ టీలాగే తాగండి."

మరుసటి చలికాలం, పిట్టలు దిగిన వారమే అల్లుడికి కూతురు పుట్టింది. నర్సు పాప మొహం చూపించబోతే, "ముందు కాళ్లు!" అన్నారు మామా అల్లుళ్లు ఒకేసారి.

"ఎర్రగా ఉన్నాయత్తయ్యగారూ! ముక్కు పొట్టి. నడక ఇంకా తెలీదు."

"గట్టిగా," అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారు తీరిగ్గా టీ ఒక గుటక వేసి, చేతులు చాచి ప్రకటించారు.

"మనింటి పిట్టే. ఇటివ్వండి."