అందరికీ ఫైవ్ నైన్

పోయిన తుఫానులో ప్రజలకు అమూల్యమైన సేవ చేసినందుకు మా హ్యామ్ రేడియో క్లబ్బు వాళ్ళు నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. బంగారు రంగు అంచు, మధ్యలో ఏరియల్ బొమ్మ, కింద మూడు సంతకాలు. మిగతా సభ్యులు తమకిచ్చినవాటిని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్నారు. నాది బీరువాలో పాత దుప్పట్ల కింద ఉంది. అక్కడికి ఎందుకు చేరిందో చెప్పాలంటే ముందు మా జాతి గురించి కొంచెం చెప్పుకోవాలి.

హ్యామ్ అంటే సర్కారు పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియో సెట్టుతో ఊళ్ళోవాళ్ళతోనూ పై ఊళ్ళవాళ్ళతోనూ మాట్లాడే మనిషి. మాట్లాడటానికి జేబులో ఫోనుంది కదా అని అడక్కండి. ఆ ప్రశ్న మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఫోనుకీ మాకూ వైరమేమీ లేదు. పొద్దున ఏడింటికి రేడియోలోకి రమ్మని మేం ఒకర్నొకరం పిలుచుకునేది ఫోనులోనే. వచ్చాక ఏం మాట్లాడుకుంటామంటే, రేడియో గురించి. మీ సెట్టేది, మీ ఏరియల్ ఎంత ఎత్తు, మీ బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిస్తోంది, మీ వైపు వాన ఉందా. ఇవి అయిపోగానే సెలవు తీసుకుని, మర్నాడు వచ్చి మళ్ళీ అవే అడుగుతాం.

మర్యాదలకు మాత్రం మా దగ్గర లోటుండదు. ప్రపంచంలో ఏ హ్యామైనా ఇంకో హ్యాముని 'ఓల్డ్ మ్యాన్' అనే పిలుస్తాడు, అవతలివాడికి ఇంకా మీసం రాకపోయినా సరే. పెళ్ళికాని ఆడవాళ్ళు 'యంగ్ లేడీ'లు. హ్యాము భార్యని మా పరిభాషలో 'ఎక్స్ యంగ్ లేడీ' అంటారు, అంటే మాజీ యువతి. ఈ సంగతి పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి ముచ్చటగా చెప్పాను. ఆ రాత్రి వంట నేనే చేసుకున్నాను.

నేను పుట్టి పెరిగింది చెన్నై చింతాద్రిపేటలో. నాలుగు సందులు దాటితే ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ వీధి. నా ఈడు పిల్లలు చెడిపోవడానికి సినిమా హాళ్ళు వెతుక్కుంటే నేను ఆ వీధిలో, టంకం వాసన మధ్య చెడిపోయాను. ఇప్పుడుండేది మాధవరం పాలకాలనీ వెనక, మూడంతస్తుల అపార్టుమెంటులో. మేడ మీద నా ఏరియల్. చెన్నైలో ఏరియల్ పెట్టుకోవడమంటే సముద్రపు గాలితో కాపరం చెయ్యడమే. ఉప్పుగాలికి ఇత్తడి కనెక్టర్లు నెల తిరిగేసరికి పచ్చగా చిలుమెక్కుతాయి. ఎక్కి, విప్పి, గీకి, టంకం పెట్టి, రబ్బరు టేపు చుట్టి దిగాలి. దిగేలోగా ఎవరి వడియాలో ఒకరివి తొక్కాలి. లెక్కేస్తే నెలలో ఇరవై రోజులు రిపేరు, మిగిలిన పది రోజులు ఆ రిపేరు ఎలా చేశానో రేడియోలో చెప్పుకోవడం.

"ఈడ కూచోని, ఆడ వాన పడతా ఉందా అని అడిగేదానికి ఇంత కంబి కావల్నా?" అనేది మా ఆవిడ, ఏరియల్ వైపు చూసి.

ఇక అసలు సంగతి, ఫైవ్ నైన్. అవతలి మనిషి మాట మనకెలా వినబడుతోందో రెండంకెల్లో చెప్పడం మా పద్ధతి. మాట ఎంత స్పష్టంగా ఉందో అయిదుకి, గొంతు ఎంత బలంగా వస్తోందో తొమ్మిదికి. ఈ లెక్క పెట్టినవాడు పాపం నిజాయితీపరుడు. మూడు నాలుగు, రెండు అయిదు, ఇలా ఉన్నదున్నట్టు చెప్పుకుంటారనుకున్నాడు. మేం మాత్రం అందరికీ ఫైవ్ నైనే ఇస్తాం. పెళ్ళిభోజనం తిని సాంబారులో ఉప్పెక్కువైందని పిల్ల తండ్రితో ఎవరైనా అంటారా? అలాగే ఇదీ. "మీ సిగ్నల్ ఫైవ్ నైన్ సార్, చాలా బాగా వస్తోంది, మీరెవరో కొంచెం మళ్ళీ చెప్తారా" అనడం మాలో తప్పు కాదు, సంస్కారం.

ఒకసారి ఉడత మేడ మీద నా కేబులు సగం కొరికేసింది. లోపలికి వాన నీళ్ళు పోయాయి. ఆ సంగతి నాకు రెండు వారాల తర్వాత తెలిసింది. ఆ రెండు వారాలూ పెరంబూరులో ఉండే మా సీనియర్ నాకు రోజూ ఫైవ్ నైన్ ఇచ్చారు. ఆయన రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన తెలుగాయన, నాకు మొదటి సెట్టు ఇచ్చి రేడియో నేర్పిన గురువు. బుద్ధున్నవాడైతే అప్పుడే అనుమానపడాలి. నేనేమో కేబులు తెగినా ఫైవ్ నైన్ కొట్టిందంటే నా సెట్టు ఎంత గొప్పదోనని వారం రోజులు చెప్పుకు తిరిగాను.

ఎవరైనా మరీ ఎగతాళి చేస్తే మేం చెప్పే మాట ఒకటుంది. "తుఫాను రానీండి, తెలుస్తుంది." తుఫానొస్తే కరెంటు పోతుంది, టవర్లు పోతాయి, అందరి ఫోన్లూ మూగబోతాయి, అప్పుడు బ్యాటరీ మీద నడిచే మా సెట్లే దిక్కు. మాట నిజమే. కానీ చెప్పీ చెప్పీ మేం తుఫాను కోసం ఎదురుచూసే స్థితికి వచ్చాం. కార్తీకమాసం రాగానే జనం కొవ్వొత్తులు, టార్చిలైట్లు సరిచూసుకుంటుంటే మేం బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసి, బంగాళాఖాతం బొమ్మ తెరిచి ఆశగా చూస్తాం. వాయుగుండం పక్క రాష్ట్రానికి మళ్ళిపోతే పైకి హమ్మయ్య అంటాం.

ఆ ఏడు మళ్ళలేదు. ఒకరోజంతా కుండపోత. సాయంత్రం కరెంటు పోయింది, తెల్లారి పదింటికల్లా ఫోన్లూ పోయాయి. వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అంత కష్టం కళ్ళెదుట పెట్టుకుని నేను సంతోషపడ్డాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని సెట్టు ముందు కూచున్నాను.

పదకొండింటికి పై అంతస్తు టీచరమ్మ తలుపు తట్టింది. ఆమె వాళ్ళమ్మ వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు వెనక వీధిలో, కింది ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు పనిచెయ్యవు. పొద్దున ఫోనులో నీళ్ళు గడప దాకా వచ్చాయని చెప్పిందట. ఆ తర్వాత ఫోను లేదు. టీచరమ్మ అప్పటికే చుడీదారు పైకి మడిచి, ప్లాస్టిక్ కవరులో పొడి బట్టలు పెట్టుకుని బయల్దేరి ఉంది. మా ఆవిడనడిగి గొడుగు తీసుకుపోదామని వచ్చింది, అంతే. రేడియో మాటే ఎత్తలేదు.

నేనే ఎత్తాను. "ఈ నీళ్ళల్లో అంత దూరం ఎందుకు పోతావు మా? నేనుండేది ఎందుకు? రెండు నిమిషాలు కూచో. ఆడికి మనిషిని పంపించి వార్త తెప్పిస్తా."

"నిజంగా అవుతాదా అన్నా?"

"ఇదే కదమ్మా మా పని!"

ఆమె కవరు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచు మీద కూచుంది. నేను సెట్టు ఆన్ చేశాను. లోపల మావాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. ఒకరికొకరు ఫైవ్ నైన్‌లు ఇచ్చుకుంటూ, మీ బ్యాటరీ ఎన్ని వోల్టులని అడుక్కుంటూ మహా హడావుడిగా ఉన్నారు. ఎవరి దగ్గరా పంపాల్సిన వార్త ఒక్కటీ లేదు. నా దగ్గర ఉందనగానే అంతా గప్‌చుప్ అయ్యారు. ఆ నిశ్శబ్దం నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. పెరంబూరు సార్ పలికారు. వ్యాసర్పాడికి అందరికంటే దగ్గర ఆయనే, తను పోలేకపోయినా ఎవర్నైనా పంపగలరు. వీధి, ఇంటి గుర్తు, పెద్దావిడ వయసు, మోకాళ్ళ సంగతి, అన్నీ నిదానంగా రెండుసార్లు చెప్పాను.

"రోజర్, రోజర్. ఫైవ్ నైన్, ఓల్డ్ మ్యాన్. అంతా అందింది," అన్నారాయన.

వార్త తీసుకున్న మనిషి దాన్ని తిరిగి అప్పజెప్పాలి. అప్పుడే అది అందినట్టు. ఇది మా మొదటి పాఠం, కొత్తగా చేరేవాళ్ళకి చెప్పేదే నేను. కానీ గురువుగారిని, అందులోనూ ఇరవై మంది వింటుండగా, ఏదీ మళ్ళీ చెప్పండని చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడగడం ఎలా? అడిగితే ఆయన మాట నమ్మనట్టు కాదూ? మామూలు రోజుల్లో ఒక పెద్ద మేడ మీదున్న రిపీటరు మా గొంతుల్ని అందుకుని బలంగా తిరిగి పంపేది. ఆ రోజు కరెంటు లేక అది నోరు మూసుకుంది. నా ఏరియల్ గాలికి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. అయినా థ్యాంక్యూ సార్ అని మైకు పెట్టేశాను.

"చేరిపోయింది మా. మనిషి పోతాడు," అన్నాను.

మా ఆవిడ ఆమెకి కాఫీ ఇచ్చి నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఆయన నిజంగా విన్నాడంటారా?"

"ఫైవ్ నైన్ ఇచ్చినాడే!" అన్నాను.

పన్నెండైంది, ఒంటిగంటైంది. టీచరమ్మ అన్నం వద్దంది. మధ్యమధ్యలో లేచి కిటికీలోంచి నీళ్ళు చూసి వచ్చి కూచునేది. నేను పిలిచినప్పుడల్లా పెరంబూరు నుంచి జవాబు లేదు. బ్యాటరీ పొదుపు చేస్తున్నారులే అని ఆమెకు చెప్పి, నాకూ చెప్పుకున్నాను. మూడింటికి ఆయన గొంతు హుషారుగా వచ్చింది.

"మాధవరం, మాధవరం. మీ దగ్గర వార్తలేమన్నా ఉండాయా?"

"పొద్దున ఇచ్చినాను కదా సార్. వ్యాసర్పాడి పెద్దావిడ."

కాసేపు గరగర. "అప్పుడా? అప్పుడు మీ మాట ఒక్కటీ రాలేదే! ఇప్పుడే కొంచెం తెలుస్తా ఉంది."

"ఫైవ్ నైన్ అన్నారు, అంతా అందిందన్నారు కదా సార్?"

"అది ఎప్పుడూ చెప్పేదే కదప్పా," అన్నారాయన, నాకే ఏదో అయిందన్నట్టు.

స్పీకరు పెద్దగానే ఉంది. టీచరమ్మ అంతా వింది. కవరు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది. తిట్టినా బాగుండేది. మా ఆవిడ నా చేతిలో ఫ్లాస్కు పెట్టి, "పోండి," అంది. ఉతికిన చొక్కాతోనే నీళ్ళలోకి దిగాను.

రెండు గంటలు నడిచాం. ఆమె ముందు, నేను వెనక. రైలు కట్ట కింది సబ్‌వే నీళ్ళతో నిండిపోయిందని చుట్టూ తిరిగి పట్టాల పక్కన పోయాం. ఒకచోట ఆమె కాలు గుంటలో పడితే చెయ్యి అందించాను. పట్టుకుని లేచి, వదిలేసి, మళ్ళీ నడిచింది. ఆ నడకలో నేను మొక్కని దేవుడు లేడు. ఆ ముసలామెకి ఏమైనా అయితే ఈ మనిషి ముఖం ఇక చూడగలనా అన్నదొక్కటే ఆలోచన.

ఇంట్లో మంచం మునిగేలా నీళ్ళు. తలగడ తేలుతోంది. మంచం మీద ఎవరూ లేరు. టీచరమ్మ అమ్మా అని కేక వేసింది. పై నుంచి ఎవరో "ఇంగ వాంగమ్మా" అని, ఇటు రమ్మని అరవంలో అరిచారు. మేడ మీద వాటాలో యార్డు కూలీల కుటుంబం. వాళ్ళు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి మోసి పైకి చేర్చారు. తడిసిన చీర మార్చి, దుప్పటి కప్పారు. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. కానీ బతికే ఉంది.

"పొద్దున్నుంచీ పైకి రమ్మంటానే ఉండారే వీళ్ళు," అంది కూతురి చెయ్యి పట్టుకుని. "నేనే రానన్న్యా. నువ్వొచ్చేస్తావు కదా. నువ్వొచ్చినప్పుడు నేనాడ లేకుంటే బయపడిపోతావని మంచం మీదనే కూచున్న్యా. నీళ్ళు ఈడికొచ్చినాయి." నడుం చూపించింది. "అప్పుడు మోసుకొచ్చినారు. ఏం మా, ఇంత లేటు?"

"దోవలో నీళ్ళు మా," అంది టీచరమ్మ. నా వైపు చూడలేదు.

"ఈయనెవరు?"

"మా కింది ఇంట్లో అన్న. తోడొచ్చినాడు."

పెద్దావిడ వణికే చేతులు రెండూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. "ఇంత నీళ్ళల్లో వచ్చినావా నాయనా. నీ రుణం తీర్చుకోలేను."

ఆ దణ్ణం పుచ్చుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చి, వచ్చేసి ఉండొచ్చు. కూతురే నన్ను కాపాడింది కదా. నా వల్ల కాలేదు.

"నేనే ఆపినానమ్మా," అన్నాను. "పొద్దున్నే బయల్దేరింది. నేనే పోవద్దన్నాను."

ఆమె కోప్పడలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "ఎందుకు నాయనా?"

"నా రేడియో పనికొస్తాదని చూపిద్దామని."

ఆమె దణ్ణం పెట్టిన చేతులు దించేసింది. తర్వాత కూతురి వైపు తిరిగి, అన్నం తిన్నావా అని అడిగింది.